తొమ్మిదో అధ్యాయం నుంచి అమ్మగోరు లేరు

శ్రీముఖలింగంలో జానకిరామయ్య మాస్టారి వీధి గది. చూపులేని పాఠకుల కోసం ఆమదాలవలసలో నడిచే ఒక శ్రవణ గ్రంథాలయానికి ఆయన ఇంట్లోనే కూర్చుని పుస్తకాలు చదివి, రికార్డు చేసి పంపుతుంటారు. భోగాపురం అవతల సముద్రపొడ్డున ఉండే ఎర్రన్నకు చూపు పోయాక వేట పోయింది, ఆ రికార్డులు వినడానికి గ్రంథాలయం వాళ్ళిచ్చిన పెట్టెలో మాస్టారి గొంతు మిగిలింది. ఆ గొంతును నిలదీసి అడగాల్సిన మాట ఒకటి ఎర్రన్న దగ్గర కొన్ని వారాలుగా ఉండిపోయింది. అందుకే ఆ గ్రంథాలయంలో పనిచేసే అరుణశ్రీని వెంటబెట్టుకుని వచ్చి, కుర్చీలో సర్దుకోకముందే మొదలెట్టాడు.

"అది కాదు బాబూ, నానడిగిందేటి, మీరు సెప్తందేటి? అమ్మగోరు ఏరీ?"

"ఉందయ్యా. వంటింట్లో ఉంది. నువ్వు ముందు కూర్చో ఎర్రన్నా."

"కూకున్నాను. ఇంట్లోనే ఉంటే ఇనిపించరేటి?"

"మాస్టారూ, ఈయన్ని పట్టించుకోకండి. నేను మీకు అభినందనలు చెప్దామని వచ్చానండీ. తొమ్మిదో అధ్యాయం నుంచి మీ రికార్డింగు ఎంత శుభ్రంగా ఉందో! కుక్కరు కూత లేదు, పోపు చిటపట లేదు. మా కార్యదర్శిగారు విని మురిసిపోయారు."

"సంతోషం అరుణశ్రీ."

"సంతోసమా! మాస్టారో, తొమ్మిదో అజ్జాయం కాడ్నించి పెట్టె సచ్చిపోనాదనుకున్నాం. నాను తిరగేసి తట్టినాను. ఎండలో పెట్టినాను. మా ఇజీనారం సూరయ్యయితే పట్టుకెల్లి స్పీకరే మార్పించీసినాడు."

"అది మాత్రం నిజమేనండీ. విజయనగరం సూరయ్యగారు పెట్టె మార్చమని ఒకటే గొడవ. బాగానే ఉంది కదండీ, మాస్టారి గొంతు ఖంగుమంటోంది కదా అంటే, 'ఆయన గొంతు ఎవడికి కావాలమ్మా, వెనకాల గొంతు రావట్లేదు' అంటారు."

"వెనకాల గొంతా?"

"అమ్మగోరి గొంతు బాబూ! మరి మేవు ఇన్నాళ్ళూ ఇంటన్నది ఎవుల్నీ అనుకున్నారు?"

"నన్ననుకున్నాను! 'వంశధార కాలువలు, తూములు'. నలభై అధ్యాయాలు. గ్రంథం! దాన్ని ముందు నేను చదువుకుని, కష్టమైన చోట్ల గీతలు పెట్టుకుని..."

"తూములు బావున్నాయండి. కాదన్లేదు. కానీ తూము తూమే కదా. నిన్న ఏడున్నాదో రేపూ ఆడే ఉంటాది. గుండిగలగ కాదే!"

"ఏ గుండిగ?"

"ఏ గుండిగేటండి! మీ ఇంటి ఇత్తడి గుండిగ! ఎదురింటి జగన్నాధంగోరు మనవడి బారసాలకని ఎరువట్టుకెల్నారు. మూడో అజ్జాయంలో అమ్మగోరు 'రేపిచ్చేస్తార్లే' అన్నారు. అయిదో అజ్జాయంలో 'అందులో వాళ్ళు వడ్లు పోసుకున్నార్ట' అన్నారు. ఎనిమిదో అజ్జాయంలో మీరు శిస్తుల గురించి సదువుతంటే, 'ఇవాళ తాడో పేడో తేల్చేస్తాను, వాళ్ళ గుమ్మంలో నిలబడి' అన్నారు. అంతే! మీరు 'మంగా! రికార్డింగు!' అని కసిరీసినారు. ఆ తర్వాత సడీ సప్పుడూ లేదు. గుమ్మంలో నిలబడి ఏటి సేసినారు? గుండిగొచ్చినాదా, రాలేదా?"

"నువ్వు... గుండిగ కోసం భోగాపురం నుంచి వచ్చావా?"

"బస్సెక్కి ఇజీనారం, రైలెక్కి ఆమదాలవలస, ఆడ్నించి ఈ అమ్మతో ఆటో. వొచ్చీసుంటాదని సూరయ్య అంతన్నాడు. రాదని, పెట్టె ఇనీ ఇంకోడు, గంగులు ఒట్టేసినాడు. ఇద్దరికీ మాటల్లేవిప్పుడు."

"ఏమిటమ్మా అరుణశ్రీ ఇది? ఈ గ్రంథం ఎవరూ వినట్లేదా?"

"వింటున్నారండీ, వింటున్నారు. అసలు మేం నవలలే రికార్డు చేద్దామనుకున్నామండీ. హక్కులు ఎవరూ ఇవ్వలేదు. ఇది రాసిన కాలవల ఇంజినీరుగారు ఒక్కరే అడక్కుండా ఇచ్చేశారు. ఇచ్చారన్న సంగతి మేం మర్చిపోతామేమోనని మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసి మరీ ఇచ్చారు."

"అలాగా."

"ఇంకో చిన్న మాటండీ. మొదటి ఎనిమిది అధ్యాయాల్లో దోషాలున్నాయి కదా. కుక్కరు, పాలవాడితో గొడవ, పిల్లి, ఈ గుండిగ. అవి కూడా మీరు మళ్ళీ చదివేస్తే పాతవి తుడిచేసి..."

"తుడిసీడమేటి? అమ్మా! ఉన్నది కూడా తుడిసీస్తారేటి?"

"నిబంధనండీ ఎర్రన్నగారూ. పుస్తకంలో అచ్చయిన మాట తప్ప ఇంకో మాట వినపడకూడదు."

"అచ్చయిన మాట మాకేల తల్లీ! అచ్చు కనపడనోళ్ళమనే కదా మీరు పెట్టెలిచ్చింది!"

"అరవకయ్యా, మెల్లగా."

"అరిసీలేదు బాబూ. మీకో మాట సెప్తాను, ఇనండి. మా లచ్చనమ్మ..."

"లక్ష్మణమ్మంటే, మీ ఆవిడా?"

"మా ఆడదే. సేపల బుట్ట దించి ఇంటికొచ్చి, ఇంత తినీసి తొంగునీది. 'తిన్నావా?' 'తిన్నాను.' మా ఇద్దరి మాటలూ అంతే. నాకు సూపు పోనాక అదేటనాలో దానికి తెల్దు, నానేటనాలో నాకు తెల్దు. ఒకనాడు నాను తూములింటంటే గుండిగ మాటొచ్చినాది. గభాల్న వొచ్చి పక్కన కూకున్నాది. 'ఎవుర్తే అది? బాగా అడుగుతన్నాది' అన్నాది. ఇంక రోజూ అంతే. మీరు సదువుతుంటే ఇద్దరం సెవులొగ్గి ఎనకాల గొంతు కోసం సూసీవోళ్ళం. ఆ జగన్నాధాన్ని తిట్టుకుని తిట్టుకుని నవ్వుకునీవోళ్ళం. తొమ్మిదో అజ్జాయం వొచ్చినాది. కాసేపు సూసినాది, లేచెలిపోనాది. 'ఇంక దీన్లో ఏటున్నాది, తిరిగిచ్చీ' అన్నాది. నా పక్క సోటు కాళీ అయిపోనాది బాబూ. అదీ నా బాద. గుండిగ కాదు."

"ఊఁ."

"ఊ అంటే కాదు. అమ్మగోరినొకపాలి పిలండి. నానే అడుగుతాను."

"పిలిచినా పలకదు."

"అయ్యో, పిన్నిగారికి ఒంట్లో బాలేదాండీ?"

"ఒళ్ళు దివ్యంగా ఉంది. మాటే లేదు. ఆ ఎనిమిదో అధ్యాయం నాడు కసిరానన్నాడు కదా ఇతను, రికార్డరు ఆపేశాక ఇంకో మాట కూడా అన్నాను. 'ఈ పుస్తకం పూర్తయ్యేదాకా నువ్వు నోరు మూసుకుంటే నీకు పుణ్యముంటుంది' అన్నాను. మూసుకుంది."

"పుస్తకం పూర్తయ్యీదాకానా!"

"పూర్తయ్యేదాకా."

"నలబై అజ్జాయాలు!"

"అదేగా నా ఏడుపు."

"అందుకా మాస్టారో! తొమ్మిది కాడ్నించి మీరు రైలు తప్పిపోతన్నట్టు సదువుతన్నారు! గొట్టా ఆనకట్ట కాడ ఎక్కినోళ్ళం, ఊపిరి పీల్చకుండా కళింగపట్నంలో సముద్రంలో పడ్డాం!"

"ఎంత తొందరగా పూర్తిచేస్తే అంత తొందరగా మాట్లాడుతుందని. రోజూ గొంతు బొంగురుపోయేదాకా చదువుతున్నాను. చదువుతున్నకొద్దీ ఇంకా మిగిలే ఉంటోంది."

"అయ్యో మాస్టారూ. మరి నేనిప్పుడు ఎలా చెప్పను?"

"ఏమిటది?"

"ఇంత శుభ్రంగా చదివేవాళ్ళు దొరకరని మా కార్యదర్శిగారు రెండో భాగం కూడా మీకే ఇచ్చేశారండీ."

"రెండో భాగం ఉందా!"

"ఉందండీ. 'పిల్ల కాలువలు'."

"ఓలమ్మో!"

"ష్! వస్తోంది."

"అడుగులు! అమ్మగోరేనా? దండాలమ్మా. నాను ఎర్రన్నని. మీ గొంతు నాకు బాగా తెలుసు, నా గొంతే మీకు తెల్దు."

"నమస్కారం పిన్నిగారూ. మాకెందుకండీ ఈ నీళ్ళూ అవీ... అయ్యో, ఇక్కడ జాగా లేదు, పుస్తకం కాస్త జరపండి... ఆఁ, సరిపోయిందండీ."

"చూశారా? పెదవి విప్పలేదు. గ్లాసులు పెట్టేసి వెళ్ళిపోతోంది."

"టక్కుమన్నాదేటి?"

"గ్లాసు."

"గ్లాసు టక్కనదండి. గ్లాసు టంగుమంటాది."

"ఏదో తగిలుంటుందిలే. బల్ల నిండా సామానే. పన్నెండో అధ్యాయం చదువుదామని అన్నీ సర్దుకుని కూర్చున్నాను, ఇంతలో మీరొచ్చారు."

"ఇనండినండి! గిన్నె బోర్లించినారు. అంటే గుండిగ రాలేదని అర్దం."

"అది పిల్లి ఎర్రన్నగారూ. కిటికీ ఎక్కింది."

"పిల్లా? ఏడో అజ్జాయంలో పెరుగు తాగీసిన పిల్లేనా?"

"ఆ పిల్లే."

"బతికే ఉందన్నమాట! అమ్మగోరు సంపీస్తానంటే నిజమనుకున్నాం. పోన్లే, లచ్చనమ్మకి సెప్పడానికి ఇదొకటి దొరికినాది."

"మాస్టారూ, నాకో ఉపాయం తోస్తోందండీ. పిన్నిగారిని కూడా చదువరిగా చేర్చేసుకుంటే? అప్పుడు ఆవిడ గొంతు దోషం కిందికి రాదు. చిన్న గొంతు పరీక్ష పెడతాం, అంతే."

"గొంతు పరీక్షంటే మాట్లాడాలి కదమ్మా?"

"అవునండీ. ఒక పేరా."

"అది మాట్లాడితే నీ పరీక్ష నాకెందుకు?"

"నిబంధనండీ."

"నిబందన్లు కాదు గానీ, మాస్టారూ, మీరే అనీరాదేటి? 'తప్పయిపోనాది మంగా' అని ఒక్క మాట."

"నేనా! పెళ్ళయిన దగ్గర్నుంచి అనలేదు. అదెలా అంటారో కూడా నాకు తెలీదు."

"తెలీకపోడమేటి! 'జలవిభాజక క్షేత్రము' అని గడగడా సదివినారు కదా, నోరు తిరగని మాట!"

"అది రాసి ఉంది కాబట్టి చదివాను."

"పోనీ నేను రాసిస్తానండీ. పెద్దక్షరాలతో. చదివేయండి."

"వద్దమ్మా, వద్దు. ఏదీ, వంటింట్లో ఉందా అది?"

"లేరు బాబూ. దొడ్డి తలుపు కిర్రుమన్నాది."

"ఈసారి పిల్లి కాదు కదా?"

"పిల్లి ఇక్కడే ఉందండీ, కిటికీలో. పిన్నిగారు దొడ్లోకే వెళ్ళినట్టున్నారు. చెప్పండి."

"అయితే వినండి. అది నోరు మూసుకున్నాక ఇల్లు బావురుమంటోంది. అయిదో అధ్యాయంలో నేనో వాక్యం దాటేశాను. వంటింట్లోంచి 'ఓ వాక్యం మింగేశారు' అంది. పుస్తకం చూడకుండా! చూస్తే నిజమే. నాకు అప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పుడు తెలుస్తోంది. మీరంతా గుండిగ విన్నారు. తూములు విన్నది మంగ ఒక్కతే."

"నానూ కొంచెం ఇన్నానండి."

"ఏం విన్నావు?"

"తూములని... ఉంటాయి."

"అదీ! ఇప్పుడు ఎవరికి చదువుతున్నానో తెలియక గోడకి చదువుతున్నాను. దాని కేక లేకపోతే నాకు ముద్ద దిగడం లేదు. ఇన్నేళ్ళూ దాని మాటలు నా చదువుకి అడ్డం అనుకున్నాను. ఆ మాటల మీదే నా చదువు సాగిందని, నిజంగా చెప్తున్నాను, నాకు తెలీలేదు. నాకది కావాలయ్యా. అరుస్తూ కావాలి. గుండిగ గురించి కావాలి. పాలవాడి గురించి అయినా సరే."

"మాస్టారూ, కళ్ళు తుడుచుకోండి."

"బాబూ, ఏడకండి. మీరేడిస్తే నాకు సూడ్డానికి కళ్ళు లేవు గానీ, ఏడ్డానికున్నాయి."

"సరే, సరే. అయిపోయింది. ఈ మాట మాత్రం ఈ గది దాటకూడదు. దానికసలు తెలియకూడదు. తెలిసిందంటే నెత్తికెక్కి కూర్చుంటుంది. ఒట్టేయండి ఇద్దరూ."

"ఒట్టు బాబూ. లచ్చనమ్మకి కూడా సెప్పను."

"నేనూ చెప్పనండీ. మరి మేం బయల్దేరతాం, సాయంత్రం రైలుకి ఈయన్ని ఎక్కించాలి. పదకొండో అధ్యాయం తీసుకెళ్తానండీ. రికార్డరు ఈ పుస్తకం వెనకాలే కదా... మాస్టారూ."

"ఏమ్మా?"

"ఎర్ర లైటు వెలుగుతోందండీ."

"నేను నొక్కలేదే!"

"టక్! నాను సెప్పలేదేటి? గ్లాసు టక్కనదు!"

"అయితే ఇందాకట్నించీ నేనన్నదంతా... తుడిచెయ్యమ్మాయ్! ముందు తుడిచెయ్యి! అందరి పెట్టెల్లోకీ ఎక్కేస్తుంది!"

"తుడుస్తానండీ, కంగారు పడకండి, ఏది నొక్కాలో చూడనివ్వండి. ఇది కాదు... ఇదీ కాదు... మాస్టారూ, వెనక్కి చూడండి."

"మంగా! నువ్వు దొడ్లోకి కదా..."

"అమ్మగోరేటి? గుమ్మంలో నిలబడినారేటి?"

"దాని మీద చెయ్యి పడిందంటే ఊరుకోను. నొక్కింది నేనే. దోషమని రాసుకుంటే రాసుకో అరుణశ్రీ, పన్నెండో అధ్యాయం కింద ఇలాగే పంపించు. లక్ష్మణమ్మా, కూర్చున్నావా? గుండిగ ఇంకా రాలేదమ్మా."