ఖాళీగా ఉన్న కింది స్విచ్

ఆస్పత్రి సర్వర్ గదిలో, ర్యాక్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుని నిలబడింది అక్కడి కంప్యూటర్లు చూసుకునే మరదలు. చెవి దగ్గర ఫోను. అవతల, ఈ సామానంతా బిగించిన కంపెనీ యజమాని, ఆమె బావ.

"కేబుళ్ళన్నీ కలిపే పై స్విచ్ పెట్టె చచ్చింది బావా! ఒక్క లైటూ లేదు. స్కాన్ బొమ్మలన్నీ స్టోరేజ్‌లోనే ఉండిపోయాయి, ఆపరేషన్ గదికి అందట్లేదు."

"కింద ఇంకోటుందిగా! ఒకటి పోతే రెండోది మొయ్యాలనే కదా రెండు బిగించాం?"

"కిందిది నిక్షేపంగా ఉంది. దానికి ఒక్క కేబులూ లేదు."

"లేకపోవడమేంటి?"

"సర్వర్‌వి రెండూ పైదానికే. స్టోరేజ్‌వి రెండూ పైదానికే. జడ అల్లినట్టు కట్టేసి ఉన్నాయి."

"పొట్టోడే! బిగించింది వాడేగా. ఇవాళే వాడికి ఉద్వాసన."

"వాడి సంగతి తర్వాత! లోపల పసిపిల్ల తల తెరిచి ఉంది. తెర మీద బొమ్మ లేక డాక్టరమ్మ చెయ్యి ఆపేసి నిలబడింది."

"జంటలో ఒక్కోటి తీసి కిందికి మార్చు. మెల్లిగా! లోపలుండేది గాజు తీగ, వంచావో అంతే సంగతులు."

"కట్టు బిగుసుకుపోయింది... కత్తెర దూరట్లేదు."

"లాగకు! లాగకు తల్లీ!"

"లాగట్లేదు, మీరు అరవకండి! ...కట్టు తెగింది. సర్వర్‌ది మార్చా. స్టోరేజ్‌ది... లైటు రాలేదు బావా."

"తీసి మళ్ళీ పెట్టు. టక్కుమనాలి."

"...అంది! ఆకుపచ్చ! నర్సమ్మా, లోపల బొమ్మ వచ్చిందేమో కనుక్కోండి!"

"వచ్చిందమ్మా, డాక్టరమ్మ మళ్ళీ మొదలెట్టారు. ఇదిగో, సూపరింటెండెంట్ గారు ఇక్కడే ఉన్నారు. ఇది ఎవరి నిర్వాకమో చెప్పమంటున్నారు."

"విన్నావుగా మరదలా. పొట్టోడని చెప్పెయ్."

"వాడు బిగించిన రోజు నేనే పరీక్ష చేశా బావా. పైది ఆపేస్తే కిందిది మోసింది."

"అయితే తర్వాత ఎవరో కెలికారు."

"ఎవరో అంటే? పొట్టోడు మళ్ళీ ఈ గడప తొక్కలేదు. ఆదివారం మీరొచ్చారట, నర్సమ్మ చెప్పింది. దేనికి?"

"నేనా... ఊరికే. కంపెనీ పోస్టర్‌కి ఫొటో కావాలంటే."

"ఫొటోలో కేబుళ్ళు అడ్డదిడ్డంగా పడ్డాయా?"

"మరి చూడ్డానికి బాగుండద్దూ? కాస్త... ఒక పక్కకి సర్దా. అంతే. అంతేనే! మళ్ళీ మార్చేద్దామనే అనుకున్నా. మీ అక్క మొహం చూసైనా..."

"అక్క మొహం నేను చూసుకుంటాలెండి."

"ఏయ్, స్పీకర్ పెట్టకు! ఏయ్!"

"సూపరింటెండెంట్ గారూ, పొట్టోడు కాదండీ. అన్నీ తీసి ఒకేదానికి గుచ్చింది మా బావగారు. లైన్లోనే ఉన్నారు, మాట్లాడండి."