ఆనరబుల్ గారి కారులో గుయ్యి

కుమాసీ నగరంలో, కార్లు బాగుచేసే ఫిట్టర్ల షెడ్ల వెనక రోడ్డు. ఓ పాత డీజిల్ కారు మెల్లగా నడుస్తోంది. స్టీరింగు ముందు డ్రైవరు అటకోరా, పక్కన ఫిట్టరు బ్రెంపాంగ్. వెనక సీట్లో వార్డు మెంబరు అసియామా, అందరి నోటా ‘ఆనరబుల్’.

“అదిగో! విన్నారా?”

“ఏదండీ అయ్యగారూ?”

“ఏదేమిటి అటకోరా! ఇప్పుడే వచ్చింది కదా!”

“ఆ లొడలొడాండీ?”

“లొడలొడ డిక్కీ మూతది. అది నేను మొదటిసారి గెలిచినప్పట్నుంచీ ఉంది. అది కాదు.”

“మరి కిర్రు కిర్రుమంటున్నది?”

“అది నా సీటు. అదీ కాదు. బ్రెంపాంగ్, నువ్వు చెప్పవయ్యా. ఈ షెడ్లన్నిట్లో నిన్ను మించిన ఫిట్టరు లేడంటారే.”

“విన్నాను ఆనరబుల్. శుభ్రంగా విన్నాను. గడగడమని.”

“గడగడా?”

“అంటే... పూర్తిగా గడగడ కాదు. గడగడలాంటి...”

“గుయ్యిమంటోందయ్యా! సన్నగా. తుమ్మెద సీసాలో పడ్డట్టు.”

“ఆఁ, గుయ్యి! అదే అనబోతున్నాను. గడగడమని మొదలై గుయ్యిలోకి దిగుతోంది.”

“అటకోరా, నీకో?”

“నాకూ గుయ్యేనండి.”

“ఎటువైపు?”

“ఎటు... కుడివైపండి.”

“ఎడమవైపు!”

“ఎడమవైపేనండి. అద్దంలో చూసి చెప్పాను, తిరగబడింది.”

“ఆ గతుకులో పోనీ. ఊఁ. ఇప్పుడు బ్రేకు వెయ్యి. ఊఁ. చూశారా, గతుకులోనూ అంతే, బ్రేకులోనూ అంతే. దీనికి భయమూ లేదు, భక్తీ లేదు. బ్రెంపాంగ్, పోయిన నెల షాక్ అబ్జార్బర్లు మార్చావు. అంతకుముందు బేరింగులు. తర్వాత సైలెన్సరు విప్పి మళ్ళీ బిగించావు. ఏం లాభం?”

“సగం తగ్గింది కదా ఆనరబుల్?”

“తగ్గిందా?”

“తగ్గలేదాండీ?”

“పెరిగింది!”

“అదే. తగ్గినట్టే తగ్గి పెరిగింది. అంటే లోపల దాక్కున్నది బయటికొస్తోందన్నమాట. మంచి లక్షణమే.”

“మా పాస్టరు గారికి కూడా వినపడింది. బానెట్ మీద చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, ‘ఇది ఇంజను గొంతు కాదు సోదరా, నీ మీద పోటీ చేసేవాడు చేయించిన చేతబడి’ అన్నాడు. ఒక సీసాడు నూనె పోసి ప్రార్థన చేశాడు.”

“ఆ నూనెకే కదండీ బానెట్ రంగు లేచిపోయింది.”

“రంగు సంగతి ఎవడడిగాడు అటకోరా? చప్పుడు సంగతి చూడు. ఎన్నికలు నెత్తి మీదకొచ్చాయి. ఇంట్లో కొత్త జీపు పెట్టుకుని ఈ డొక్కులో ఎందుకు తిరుగుతున్నాను?”

“జనం కోసమండి.”

“జనం కోసం! మన అసియామా మారలేదు, ఇంకా ఆ పాత బండే అనుకోవాలి. ఓట్లు లెక్కపెట్టేదాకా దీన్ని వదలను. కానీ ఈ గుయ్యి నా బుర్ర తినేస్తోంది. ఉపన్యాసం వల్లె వేసుకోనివ్వదు. రాత్రి మంచమెక్కినా చెవిలో అదే మోత, అంతలా పట్టుకుంది. ఇవాళ గనక తేలకపోతే లోపం బండిలో లేదు, నడిపేవాడిలో ఉందనుకుంటాను. వినపడిందా అటకోరా?”

“ఇది బాగా వినపడిందండి.”

“నీకు ముందు ఈ బండి నడిపాడే, డాంక్వా. ‘నాకేం వినపడట్లేదు సార్’ అన్నాడు. నా మొహం మీదే! ఇప్పుడేం చేస్తున్నాడు?”

“బస్టాండు దగ్గర కొబ్బరి బోండాలు కొడుతున్నాడండి.”

“కొట్టనీ. ఆగాగు, ఆపు! ఆ చేపలు పొగబెట్టే ఆడవాళ్ళు చెయ్యి ఊపుతున్నారు. దిగి నాలుగు మాటలు పలకరించి వస్తాను. మీరు ఇంజను ఆపేసి కిందకి దూరండి. నేనొచ్చేసరికి అది దొరకాలి.”

“దొరక్క ఎక్కడికి పోతుంది ఆనరబుల్! మీరు వెళ్ళి రండి.”

“వెళ్ళారా బ్రెంపాంగ్ మాస్టరూ?”

“వెళ్ళారు. పొగబెట్టిన చేప చేత్తో పట్టుకుని ఫొటో దిగుతున్నారు.”

“ఒకటి అడగనా?”

“అడుగు అటకోరా.”

“ఆ చప్పుడు... మీకు వినపడుతోందా?”

“నీకు వినపడట్లేదా ఏమిటి?”

“అబ్బే, ఎందుకు వినపడదూ! బ్రహ్మాండంగా వినపడుతోంది. మీకెలా వినపడుతోందో అని అడిగాను.”

“నాకా? నీకెలా వినపడుతోందో అలాగే.”

“నాకూ మీకెలాగో అలాగే.”

“చూడు అటకోరా, నేను ఒకటి చెప్తే పట్టుకెళ్ళి ఆయన చెవిలో వెయ్యవు కదా?”

“నా కూతురి మీద ఒట్టు మాస్టరూ. నర్సు చదువుతోంది, సగంలో ఉంది. ఈ పని పోతే దాని చదువూ పోతుంది. నేనెందుకు చెప్తాను?”

“అయితే విను. నాకు ఏమీ వినపడట్లేదు. మొదటి రోజు నుంచీ అంతే.”

“అమ్మయ్య! నాకూ అంతే మాస్టరూ! నాకే చెవుడొచ్చిందేమోనని వణికి చచ్చాను. మా అమ్మాయి ఆస్పత్రికి తీసుకెళ్ళి చూపించింది కూడా. చెవులు నిక్షేపంలా ఉన్నాయన్నారు. ఆ మాట విన్నాక ఇంకా భయమేసింది.”

“ఎందుకు?”

“చెవుడైతే ఒక కారణం ఉండేది. చెవులు బాగుండీ వినపడకపోతే నేనేం చెప్పుకోను? అవునుగానీ, ఏమీ వినపడనప్పుడు ఆ బేరింగులెందుకు మార్చారు?”

“మార్చక? రోడ్డు వెడల్పు చేస్తారట. నా షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో ‘తొలగించు’ అని రాసి పోయారు. మా నాన్న కట్టిన గోడ అది. ఆనరబుల్ ఒక్క మాటంటే ఆ రాత పక్క గోడకి పోతుంది. అలాంటి మనిషితో, అయ్యా మీ కారుకి ఏ రోగమూ లేదని ఏ నోటితో చెప్పను?”

“ఇలా ఎంతకాలం? మార్చడానికి కారులో ఇంకేం మిగల్లేదు కదా.”

“అందుకే ఇది తెచ్చాను. చూడు.”

“తుప్పు పట్టిన నట్టు. ఎక్కడిది?”

“నా జేబులోది. ఏ కారుదో నాకూ తెలీదు. గేరు పెట్టె వెనక ఇరుక్కుందని చెప్తాను, నువ్వు తల ఊపు.”

“తర్వాత మళ్ళీ గుయ్యిమంటే?”

“అనదు. దొంగ దొరికాడని తెలిస్తే ఆయన మనసు కుదుటపడుతుంది, చప్పుడు దానంతటదే పోతుంది. అదుగో, వస్తున్నారు! చేతులకి కాస్త మసి పూసుకో!”

“ఏమయ్యా బ్రెంపాంగ్, తేలిందా?”

“తేలింది ఆనరబుల్! ఇదే. గేరు పెట్టె వెనక నక్కి కూర్చుంది. బండి కదిలినప్పుడల్లా గిరగిరా తిరిగి గుయ్యిమంటోంది.”

“ఈ కాస్త నట్టా? ఇన్నాళ్ళు నన్ను నిద్రపోనివ్వనిది ఇదా? అటకోరా, నువ్వు చూశావా?”

“చూశానండి. నా కళ్ళతో. అంటే... తీశాక చూశానండి.”

“శభాష్! దీన్ని తీసుకెళ్ళి మా పాస్టరు గారికి చూపించాలి. బ్రెంపాంగ్, నీ గోడ సంగతి నాకు వదిలెయ్.”

“మీ దయ ఆనరబుల్. మా ఇంటిల్లిపాదీ మీ పేరే చెప్పుకుంటాం.”

“ఎక్కండి, ఎక్కండి. ఓసారి చెవులారా విని తృప్తిపడితే గానీ నాకు తోచదు.”

“తలుపు గట్టిగా లాగాలండి అయ్యగారూ. ఇంకొంచెం. ఆఁ, పడింది.”

“ఉష్. ఎవరూ మాట్లాడకండి.”

“...”

“...”

“అదిగో! మళ్ళీ! అదే గుయ్యి!”

“అవునవును ఆనరబుల్, నాకూ తగిలింది! ఇప్పుడు వెనక చక్రంలోంచి వస్తోంది. బండి వేగం అందుకున్నప్పుడు వస్తోందంటే అది కచ్చితంగా—”

“అయ్యగారూ.”

“ఉండు అటకోరా, అతన్ని చెప్పనీ.”

“అయ్యగారూ, బండి ఇంకా స్టార్టు చెయ్యలేదండి.”

“ఏమిటీ?”

“తాళం నా చేతిలోనే ఉందండి. ఇదిగో.”

“అంటే... ఆనరబుల్, వేగం అన్నది నేను సాధారణంగా—”

“బ్రెంపాంగ్. నువ్వు ఇప్పుడు విన్నదేమిటి?”

“మీరు విన్నదేనండి.”

“నా చెవిలో మోగేది నీకెలా వినపడిందయ్యా?”

“అదే నాకూ ఆశ్చర్యంగా ఉంది ఆనరబుల్.”

“నోర్ముయ్. అటకోరా, ఇటు తిరుగు. నీకు ఒక్కసారైనా వినపడిందా? నిజం చెప్పు. నీ పనికేం ఢోకా లేదు, మాటిస్తున్నాను.”

“లేదండి.”

“ఒక్కసారి కూడా?”

“లొడలొడ వినపడిందండి. కిర్రు వినపడిందండి. మీది మాత్రం లేదండి. తప్పుగా అనుకోకపోతే, మా అమ్మాయి చదివే ఆస్పత్రిలో మంచి చెవి డాక్టరు ఉన్నాడండి. ఒకసారి—”

“నాకు చెవి రోగమంటావా? నాకా! నా చెవికేమైందయ్యా? మొన్న ఆదివారం లారీ స్టాండులో సభ. నేను ముగించి దణ్ణం పెట్టానో లేదో, చప్పట్లు హోరెత్తిపోయాయి. ఈ చెవులతోనే విన్నాను. అవునా, కాదా?”

“అబ్బో! పైకప్పు రేకులు లేచిపోయాయి ఆనరబుల్!”

“నిన్నడగలేదు బ్రెంపాంగ్. అటకోరా, నువ్వు మైకు పక్కనే ఉన్నావు. నువ్వు చెప్పు.”

“నన్ను అడక్కండి అయ్యగారూ.”

“చెప్పమన్నానా!”

“చప్పట్లు ఎవరూ కొట్టలేదండి. మీరు వేదిక దిగి వెళ్ళిపోయేదాకా అందరూ చేతులు కట్టుకునే నిలబడ్డారండి.”