రెండు పరీక్షలూ రాసిన బావ

పనిరోజు సాయంత్రం బావ పళ్ళ సంచీ పట్టుకుని గుమ్మంలోకి రాగానే మరదలికి అనుమానం వేసింది. ఉత్తపుణ్యానికి పళ్ళు తెచ్చే మనిషి కాదాయన. వెనకే వచ్చిన అక్క మొహంలోనూ ఏమీ తెలియలేదు.

"పరీక్ష సంగతేదో తేల్చుకోలేకపోతున్నావట," అన్నాడు బావ, వరండాలో ఉన్న ఒక్క చేతుల కుర్చీ చూసుకుని కూర్చుంటూ. "నేనుండగా నీకు బెంగెందుకు మరదలా?"

బెంగ ఉన్నమాట నిజమే. ఆమె పార్సిల్ ఆఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. తూకం వేసే పని ఇకమీదట మిషనే చేస్తుందట, కౌంటరు ఎత్తేస్తారట. ఆఫీసు కంప్యూటర్లన్నీ లినక్స్ అనే కొత్త సిస్టమ్‌కి మారుస్తున్నారు కాబట్టి ఆ సర్టిఫికెట్ ఒకటి తెచ్చుకుంటే కంప్యూటర్ రూములోకి తీసుకుంటామన్నాడు మేనేజరు. ఫీజు ఆఫీసే కడుతుంది, కానీ ఒక్క పరీక్షకే. ఏ పరీక్షో రేపు చెప్పాలి.

ఉన్నవి రెండు. మొదటిదాంట్లో ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయి, సరైనదానికి గుర్తు పెట్టాలి. ఏ రకం లినక్స్‌కైనా పనికొచ్చే చదువే, అన్నీ కొంచెం కొంచెం తెలుస్తాయి. రెండోది చేతి పరీక్ష. మిషను ముందు కూర్చోబెట్టి, ఇది పాడైంది బాగుచెయ్యి, అది లేదు పెట్టు అంటారు. పనిచేస్తే మార్కులు, లేకపోతే లేవు. కాకపోతే ఒకే కంపెనీ లినక్స్ మీద పెడతారు. కంప్యూటర్ రూమువాళ్ళు మాత్రం దాన్నే ఎక్కువ లెక్కచేస్తారు.

"మీరు ఏ పరీక్ష రాశారు బావా?" అంది ఆమె.

"రెండూ."

కుట్టిన కర్టెన్లు ఇచ్చిపోదామని వచ్చిన కిందివాటా టైలరు మెట్ల మీదే కూలబడ్డాడు. అక్క టీ గ్లాసులు తెచ్చి అందరికీ ఇచ్చింది.

"మొదటిది గుర్తులు పెట్టే పరీక్ష. హాయిగా ఉంటుంది. నేను సగం టైములో ముగించి లేచాను, అంతే, అందులో గొప్పేం లేదు," అన్నాడు బావ, నిజంగానే గొప్పేం లేనట్టు. "చేతి పరీక్ష ఉంది చూశావూ, అదే కొంప ముంచేది. నా పక్క సీటాయనకి టైపు కొట్టీ కొట్టీ వేళ్ళు కొంకర్లు పోయాయి, పాపం ఇప్పటికీ అన్నం స్పూనుతోనే తింటాడు. నేను నా పని చేసుకుంటున్నానా, ఇంతలో అక్కడ కాపలా కూర్చున్నావిడ మిషను ఆగిపోయింది. బాబూ, కాస్త చూస్తావా అంది. చూడకేం చేస్తాను? ఒక్క కమాండు కొట్టాను, లేచి కూర్చుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు టైలరు.

"హాల్లో మిషన్లన్నీ పడిపోయాయి. ఒకటి కాదు, రెండు కాదు, అన్నీ. మనుషులు ఏడుపు మొదలెట్టారు. నేను ఎడంచేత్తో ఒక కీబోర్డు, కుడిచేత్తో ఒక కీబోర్డు, ఎంటర్ కొట్టడానికి చెయ్యి చాలక కాలి బొటనవేలు."

"చెప్పులు విప్పా, వేసుకునేనా?" అని అడిగాడు టైలరు.

"విప్పే. చదువు కదండీ."

ఆమె నవ్వలేదు. చేతి పరీక్ష మాట వచ్చినప్పుడల్లా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అవుతోంది. గుర్తుల పరీక్షలో మాత్రం అందరూ చల్లగా ఉన్నారు. ఈయన కబుర్లు చెబుతున్నాడా, తనని ఎటో తోలుతున్నాడా?

"మరి మీ పరీక్ష ఏమైంది బావా, ప్యాసయ్యారా?"

"అక్కడికే వస్తున్నా. ఈలోగా విమానాశ్రయం నుంచి ఫోను. అక్కడ కంప్యూటర్లూ ఇదే రకం, అవీ ఆగాయి, విమానాలు పైనే గింగిరాలు తిరుగుతున్నాయి. నేను ఇక్కణ్ణించే నోటితో కమాండ్లు చెప్పాను, అవతలాయన వణుకుతూ కొట్టాడు. ఒక్కొక్కటే దిగాయి, అదీ ఎలాగ, పేర్ల ప్రకారం, అకారం నుంచి క్షకారం దాకా వరసలో. క్షకారం విమానంలో వాళ్ళు ఆలస్యమైందని నా మీద కంప్లైంటు కూడా పెట్టారు."

"అన్యాయం," అన్నాడు టైలరు.

"అది చిన్న విషయం. అదే రోజు ఆకాశంలో తిరిగే ఉపగ్రహం ఒకటి తన పాస్‌వర్డ్ తనే మర్చిపోయింది. ఎవరికీ అందదు కదా. డాబా ఎక్కి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కొత్త పాస్‌వర్డ్ కేకేశాను. అందుకుంది. కాకపోతే వీధి వీధంతా వినేసింది, మళ్ళీ మార్చాల్సొచ్చింది. ఇంత కష్టం నీకెందుకు మరదలా? గుర్తుల పరీక్షకి ఫీజు కట్టించుకో. మా సెంటర్లో సీటు నేను చూస్తాను."

మా సెంటరన్న మాట దగ్గర ఆమె చెవి నిలబడింది. ఫోన్ల షాపు వదిలేసి బావ ఏదో కోచింగ్ సెంటర్లో చేరాడని వినడమే గానీ, అది ఈ పరీక్షల సెంటరేనని అనుకోలేదు.

ఆమె లేచి లోపలికెళ్ళింది. నేర్చుకోవడానికని కొనుక్కున్న పాత ల్యాప్‌టాప్‌లో బొమ్మలూ బటన్లూ ఏవీ రాకుండా లినక్స్ తనే ఎక్కించుకుంది. చేతి పరీక్షలో అలాగే ఉంటుందని ఎక్కడో చదివింది. దాన్ని ఆన్ చేసి తెచ్చి బావ ఒళ్ళో పెట్టింది.

"ఇందులో ఒక్క ఫోల్డరు చేసి చూపించండి బావా. ఎంత కష్టమో చూసి, మీరు చెప్పినదానికే వెళతాను."

బావ తెర వైపు చూశాడు. అంతా నలుపు. పైన ఒక మూల చిన్న అక్షరాల లైను, దాని చివర మిణుకుమిణుకుమంటున్న గీత.

"రానీ," అన్నాడు.

అందరూ చూస్తున్నారు. అక్క ఖాళీ గ్లాసులు తీసింది.

"పాత మిషను కదా, నిదానంగా తెరుచుకుంటుంది. తొందరపెడితే పాడవుతాయి ఇవి. విమానాశ్రయంలోనూ ఇంతే, నేను ఓపిగ్గా..." అంటూ తెర అంచు మీద వేలితో మెల్లగా తట్టాడు.

టైలరు మెట్టు దిగొచ్చి ఆయన భుజం మీంచి తొంగిచూశాడు. "ఇంకా రాలేదాండీ?"

"వస్తోంది, వస్తోంది. లోపల పని జరుగుతోంది, మనకి కనపడదు."

"బావా," అంది ఆమె, "అది వచ్చి చాలాసేపైంది. లోపలికి రానివ్వడానికి మీ పేరు అడుగుతోంది."

బావ ఆ చిన్న లైనుని కళ్ళు దగ్గర పెట్టి చదివాడు.

"నా పేరు దీనికెందుకు?" అన్నాడు, గొంతు తగ్గించి.

టైలరు కర్టెన్ల మూట మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మూట మాత్రం ఊగుతోంది.

"చేతి పరీక్షకి పాఠాలు చెప్పే ఆయన మీ సెంటర్లో మానేశాడని పొద్దున ఫోన్లో అన్నారు కదండీ," అంది అక్క, నవ్వకుండా. "గుర్తుల పరీక్ష సీట్లైనా నిండకపోతే మీ మీదికొస్తుందనీ అన్నారు. దానికి నా చెల్లెలే దొరికిందా?"

బావ ల్యాప్‌టాప్‌ని, వేడి గిన్నెని దించినట్టు, రెండు చేతులతో మరదలికి అందించాడు. ఆమెకి కోపం రావాల్సింది గానీ ఆయన మొహం చూస్తే రాలేదు. ఒక పండు కోసి ముందు ఆయనకే ఇచ్చింది.

మర్నాడు మేనేజరుకి చేతి పరీక్ష అని చెప్పింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"అది చాలా కష్టమటమ్మా. ఎవర్నైనా కనుక్కున్నావా?"

"కనుక్కున్నాను సార్. కష్టమని చెప్పినాయన అసలు రాయనేలేదు."