గోడ మీది ఫ్రేము

మైలవరం పక్క పల్లెలో ముప్పై ఏళ్లుగా సూదిమందులు వేస్తున్న ఆర్‌ఎంపీ గదికి, విజయవాడలో డాక్టరుగా చేస్తున్న అతని కూతురు చెప్పాపెట్టకుండా వచ్చింది. వచ్చీ రాగానే కుర్చీ ఎక్కి, గోడ మీదున్న ఫ్రేము దించింది. అందులో ఉన్నది ఆమె డాక్టరు రిజిస్ట్రేషన్ జిరాక్సు.

“ఎవర్నడిగి తగిలించావు నాన్నా?”

“నా కూతురి కాగితం నా గోడకి పెట్టుకోడానికి ఎవర్నడగాలమ్మా?”

“బయట బోర్డు మీద కూడా నా పేరే రాయించావు. నేను లేనిచోట నా పేరుతో వైద్యం నడుస్తోందని మెడికల్ కౌన్సిల్ వాళ్లు నోటీసిచ్చారు. నా లైసెన్సు పోద్ది.”

“తనిఖీకొచ్చినోళ్లు గదికి సీలేస్తామన్నారు. నీ పేరు చూసైనా ఊరుకుంటారనుకున్నా.”

“నువ్వు డాక్టరీ చదవలేదు నాన్నా. రేపెవరికన్నా సూది వికటిస్తే ఏం చేస్తావ్?”

“నిన్ను డాక్టరు చదివించింది ఈ చదువులేని చెయ్యేగా తల్లీ.”

“అందుకే పోలీసులకి చెప్పకుండా నేనే వచ్చా.”

అతను మెళ్లోని స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టాడు.

ఇంతలో పక్కూరి ముసలమ్మ ఒకావిడ దగ్గుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“డాక్టరు గారూ, ఈ అమ్మాయెవరండీ? కొత్త నర్సా?”

“కాదమ్మా. ఈవిడే డాక్టరు గారు. నేనెవర్నీ కాను.”

“అయితే రేపట్నించి మమ్మల్ని ఈవిడే చూస్తారా?”

కూతురు ఫ్రేము చంకలో పెట్టుకుని, కారు తాళాల కోసం బ్యాగులో వెతుక్కుంటోంది.