చప్పుడు లేని వాల్వు

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఇల్లు. ఫ్యాక్టరీలో గ్యాసు వాల్వుల దగ్గర పనిచేసే మొగుడు డ్యూటీ దిగి అన్నం ముందు కూర్చున్నాడు. పెళ్లాం ఎప్పట్లాగే గొంతు పెంచి మాట్లాడుతోంది.

“ఏటి మావా, మొహం అలా ఎలిగిపోతంది?”

“కాలేజీ నుంచి రీసెర్చోళ్లొచ్చారే. సప్పుడు సెయ్యని వాల్వు తయారుసేసారు. గ్యాసు పోతంటే పాతది కూతెట్టీది గదా, ఇది అస్సలు అరవదు.”

“అరవదని ఎవులు సెప్పారు?”

“నానే! సప్పుడు కొలిసే మీటరు పాడైపోనాదంట. ‘సీనియరు మనిషివి, పక్కన నిలబడి నువ్వే సెప్పు’ అన్నారు. సెవి దగ్గరెట్టి మరీ ఇన్నాను. పిల్లి నడిసినంత సప్పుడైనా లేదు సార్ అన్నాను. సప్పట్లు కొట్టీసి నాతో ఫొటో దిగారు. ఇంక అన్ని సోట్లా అదే బిగిత్తారంట.”

“ఆహా! ఊరంతా ఎతికితే నీ సెవులే దొరికాయేటి ఆల్లకి? పొద్దున్న కుక్కరు కూసి కూసి, పప్పు మాడి ఇల్లంతా పొగైపోతే, పక్కనే కూకుని పేపరు సదూకున్నావు! డాక్టరు కాడికి పదమంటే ఇనవు. నీ మాట నమ్మీసి, రేపు దాని పక్కన పనిసేసీ కుర్రోళ్ల సెవులు కూడా పోగొడతారు. ఆల్లదీ ఒక సదువే!”

“నీకన్నీ ఎటకారాలే. నా సెవులకేటీ అవలేదు.”

“అయితే సెప్పు. ఆ పాత వాల్వు ఇంకా అలాగే అరుత్తందా?”

అతడు ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

“లేదే. ఈమధ్య అదీ అరవడం మానీసింది.”