పాడైన పీపా

ఏంటమ్మాయ్ అది, గ్లాసులో బురదనీళ్ళలా? బీరేనా! మామిడిపండు వేశారా? బాగుంది సంబడం. మీ తాత చూస్తే లాక్కుని మొక్కల్లో పోసేవాడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. మీ నానమ్మ నాకు అక్క, ఆయన బావ. వీధి చివర షెడ్డులో సొంతంగా బీరు కాచి ముందుగదిలో పోసేవాడు. ఒక్కటే రకం, గోధుమరంగుది, హాయిగా గొంతు దిగేది. పీపాలు దొర్లించేది నేను. నా నడుం అప్పుడే పోయింది. ఆ డాక్టరేమో వయసంటాడు, వాడి మొహం... ఆఁ, ఎక్కడున్నాం? రుచులు. ముందు జనానికి చేదు పిచ్చి పట్టింది. తాగినవాడి మొహం వంకరపోతే అది మంచి బీరని లెక్క. అది తగ్గేసరికి పులుపు. ఎదురుగా ఒకడు కొట్టు పెట్టి పుల్లబీరు పోస్తుంటే మనవాళ్ళంతా అటే. మా ముందుగదిలో నేనూ ఈగలూ. అక్క మెల్లిగా అంది, "ఏవండీ, మనమూ కాస్త పుల్లగా..." "పులిస్తే పారబోస్తాం, అమ్మం! కావాలంటే షెడ్డు మూసేస్తా!" అని ఉరిమాడు. అక్క రెండ్రోజులు అన్నం ముట్టలేదు.

ఆ ఎండాకాలం ఒక పీపా నిజంగానే పులిసింది. మూత సరిగ్గా పడలేదు... వేసింది నేనేలే, పోనీ. పారబొయ్యమని చెప్పి బావ బార్లీ తేవడానికెళ్ళాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఆగరా. గ్లాసుల్లో పొయ్యి." పోశాను. సాయంత్రానికి గుమ్మం బయటిదాకా జనం! ఎదురుకొట్టువాడూ వచ్చి రెండు తాగాడు. బావ తిరిగొచ్చి, బస్తా కిందపడేసి బల్లెక్కాడు. "అయ్యా, అది పాడైంది! తాగకండి!" ఒకటే చప్పట్లు. "పాడైందే ఇంకోటి పొయ్యండి!" అని కేకలు. ఆయన మొహం చూడాలి నువ్వు, నడివీధిలో పంచె ఊడినట్టు.

అక్క మొహం చూసి చివరికి సరేనన్నాడు. కానీ కావాలని పాడుచెయ్యడం ఆయనకి చేతకాలేదమ్మాయ్! మూత తీసిపెట్టేవాడు, మనసాగక గంటకోసారి వెళ్ళి బిగించేసేవాడు. విసిగిపోయి నా మీదకి తోశాడు: "నువ్వే వెయ్యరా మూత, నీకలవాటేగా!" తెలుసన్నమాట దొంగకి! షెడ్డు నిలబడింది. నేను పాడుచేసేవాణ్ణి, అక్క అమ్మేది, ఆయన ఆ పీపా దగ్గరికైనా వచ్చేవాడు కాదు. ఓ మధ్యాహ్నం నేను లోపలికెళ్తే అటు తిరిగి నిలబడి ఉన్నాడు. చేతిలో పుల్లది. లొట్టలేస్తున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడి, "మీ అక్కతో చెప్పకురా" అన్నాడు. చెప్పలేదు. ఆయన పోయాక కూడా అక్క అడిగేది, "ఒక్కసారైనా రుచి చూశారంటావా?" అని. లేదనే చెప్పాను. చెప్పాల్సిందేమో...

ఆ కిటికీ వెయ్యమ్మా, గాలి కొడుతోంది.