ఊరు దాటిపోయిన వాక్యం

మాస్టారు కోతలు కోస్తారని మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. తెలిసి కూడా, సాయంత్రం ఆయన గొడుగు కనపడగానే టీకొట్టు బల్ల మీద జరిగి చోటిస్తాం. పక్కనే నా జిరాక్సు షాపు. ఆ రోజు వానకి కరెంటు పోయి మిషను పడుకుంది, నేనూ వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. ఆ బల్లకి ఒక కాలు పొట్టి. మాస్టారు కథలో ఊపుకొచ్చి చెయ్యి విసిరినప్పుడల్లా అది ఒక పక్కకి ఒరుగుతుంది, మా గ్లాసుల్లో టీ ఒలుకుతుంది. పదకొండేళ్ళ నుంచీ, అంటే ఆయన రిటైరైన నాటి నుంచీ ఇదే తంతు.

ఆ రోజు బల్ల మీద టైలరు, బస్సు కదిలే టైము కోసం చూస్తున్న డ్రైవరు, నేను. చివరన టీచరమ్మ. మాస్టారు పనిచేసిన హైస్కూల్లోనే ఈ ఏడాది ఇంగ్లీషు చెప్పడానికి చేరింది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు చుట్టిన నోట్సుల కట్ట, ఆ పైన హ్యాండుబ్యాగు. ఆ బ్యాగులో ఏముందో నాకు తెలుసు. మధ్యాహ్నం నా షాపులోనే ఒక కాగితం ప్రింటు తీయించుకుంది. ఒకరి కాగితం చదవకూడదన్నది నా నియమమే గాని కళ్ళు నా మాట వినవు. ఉద్యోగం మానేస్తున్నానని హెడ్‌మాస్టరుకి రాసిన ఉత్తరం అది, సోమవారం తారీకు వేసుంది. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, టీ కాస్తున్న అక్క చెవిన వేసేశాను. అక్క స్టవ్వు మంట తగ్గించి ఆ అమ్మాయి వంక ఒకసారి చూసింది, అంతే.

మాస్టారు గొడుగు ముడిచి కూర్చుంటూనే అడిగారు. "ఏమ్మా, మొహం అలా వేలాడేశావు?"

"అరవై రెండు నోట్సులండీ మాస్టారూ. ఒక్క వాక్యం తిన్నగా లేదు. రెండు వారాల్లో మూడు ఎర్ర పెన్నులు అయిపోయాయి. ఇదివరకు కనీసం తప్పులైనా రాసేవాళ్ళు. నిన్న ఒకమ్మాయి ఖాళీ పేజీ ఇచ్చింది. ఇదేంటే అంటే, తప్పు రాయడం కన్నా ఇదే నయం కదా టీచర్ అంది." ఆ మాట చెప్పి ఆమె మొహం రోడ్డు వైపు తిప్పేసుకుంది.

మాస్టారు అది గమనించారో లేదో గాని పెద్దగా నవ్వేశారు.

"అరవై రెండు నోట్సులూ ఒక లెక్కేనటమ్మా! మూడు పెన్నులా? నా సర్వీసులో ఎర్ర సిరా పీపాల్లో వచ్చేది. పిల్లలు నన్ను ఎర్రసిరా మాస్టారనేవాళ్ళు, ఆ పేరు వింటే వీధి చివర కుక్కలు కూడా తోక ముడిచేవి. అసలు నేను నోట్సు తెరిచి చూసేవాణ్ణే కాదు. మూసిన నోట్సు ఇలా అరచేతిలో పెట్టుకుని తూచేవాణ్ణి. తప్పుకి బరువుంటుందమ్మా, ఒప్పుకి ఉండదు. ఇందులో పదకొండు తప్పులు, మూడో పేజీలో నాలుగు, అట్ట మీద ఒకటి అని చెప్పేసేవాణ్ణి. తెరిచి చూస్తే సరిగ్గా పదకొండు!"

"అట్ట మీద తప్పేంటి మాస్టారూ?" అన్నాడు టైలరు.

"వాడి పేరు వాడే తప్పు రాసుకున్నాడు, ఆ ఘనుణ్ణి ఏం చెప్పను! సరే, బరువుల సంగతి అలా ఉంచు. హి వచ్చినా షి వచ్చినా మన పిల్లలు గో అంటారే గాని గోస్ అనరు కదా? చివరనున్న ఆ ఎస్సు జారిపోతుంది. జారింది ఎక్కడికి పోతుంది? నేల మీదకే! సాయంత్రం మా అటెండరు చీపురు పట్టి ఊడిస్తే గంపెడు ఎస్సులు వచ్చేవి, వంకరటింకరగా, ఒకదాన్నొకటి పట్టుకుని. పారేస్తే పాపం కదా, రేపు ఎవరికి అవసరం పడతాయోనని నేనే సంచులకెత్తించాను, ఏడాది తిరిగేసరికి సామాన్ల గదిలో ఏడు గోనె సంచులు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వానలు పట్టాయి, గది కారింది, ఎస్సులు తడిసి మొలకెత్తాయి!"

"ఎస్సులు మొలకెత్తడమేంటండీ!"

"నువ్వు గుడ్డకి కుట్లు వేసుకునేవాడివి, నీకేం తెలుస్తుందయ్యా సేద్యం? తీగలు సాగి కిటికీలెక్కాయి. ఆ ఏడు మా బళ్ళో ఎవడికి ఎస్సు కావాలన్నా చెయ్యి చాపి తెంపుకోవడమే. అయితే పిల్లలు పిల్లలే కదా, ఆశపోతులు, దొరికిందే చాలని ఫర్నిచర్స్, అడ్వైసెస్, హోమ్‌వర్క్స్ అంటూ అక్కర్లేని చోటల్లా తగిలించడం మొదలెట్టారు. నేను చూస్తూ ఊరుకుంటానా? ఎర్ర పెన్ను తీసి తీగ మొదట్లో ఒక్క గీత గీశాను. ఆ గీతకి ఏడు గుమ్మాల తీగ తెల్లారేసరికి వాడిపోయింది."

మాస్టారి చెయ్యి అడ్డంగా లేచింది, బల్ల ఒరిగింది, డ్రైవరు ప్యాంటు మీద టీ పడింది. అతను తుడుచుకుంటూ, "మరి ఇంకెవరూ తప్పులు రాయలేదా?" అన్నాడు.

"రాయకపోతే నాకు జీతమెందుకయ్యా! ఒకడుండేవాడు, వాడికి ఇంగ్లీషులో 'ద' అంటే ప్రాణం. ద అమ్మ, ద అన్నం, ద నిద్ర. వాడి వెనక బెంచీలో ఇంకొకడు, చచ్చినా ఒక్క ద రాయడు. నేనేం చేశానంటే ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాను, నోట్సులు ఆనించి పెట్టుకోమన్నాను. ఎత్తు నుంచి పల్లానికి నీళ్ళు పారినట్టు వీడి నోట్సులోంచి వాడి నోట్సులోకి రాత్రికి రాత్రే ద లన్నీ పారాయి. మూడో రోజుకి ఇద్దరికీ సమానం."

టీచరమ్మ పెదవి కొంచెం కదిలింది. నవ్వనుకుంటాను. మాస్టారికి అది చాలు, చిన్నపిల్లాడిలా రెచ్చిపోయారు.

"కాలాలతో మాత్రం చెలగాటం ఆడకూడదమ్మా. ఒకసారి క్లాసు క్లాసంతా 'టుమారో వి రోట్ ది ఎగ్జామ్' అని రాసింది. రేపు మేము పరీక్ష రాశాము! నేను నవ్వి ఊరుకున్నాను, అదే నా పొరపాటు. తెల్లారి పిల్లలు పరీక్షకెళితే గేటు దగ్గరే ఆపేశారు. మీరు నిన్ననే రాసేశారు కదర్రా, మళ్ళీ ఎందుకొచ్చారన్నారు. వెళ్ళి చూస్తే ఏముంది, పేపర్లు కట్టలు కట్టి సీళ్ళు వేసున్నాయి!"

"పాసయ్యారా?" డ్రైవరు ముందుకి వంగాడు.

"పాసవడం కూడా అయిపోయింది, పాపం వాళ్ళకే తెలియదు. ఆ గొడవ సద్దుమణిగిందనుకునేలోపు ఇంకొకడు 'ఎస్టర్‌డే ది ఇన్‌స్పెక్టర్ విల్ కమ్' అని రాశాడు. ఇన్‌స్పెక్టరు గారు మా గేటు ముందు జీపు ఆపుకుని, నేను రావలసింది నిన్ననా, రేపా, వచ్చేశానా, వస్తానా అని గంటసేపు బుర్ర గోక్కుని వెనక్కి తిప్పుకుని పోయారు. మూడేళ్ళు మా బడికి తనిఖీ లేదు. హెడ్‌మాస్టరు ఆ కుర్రాణ్ణి పిలిచి ఏటేటా అదే వాక్యం రాయమని బతిమాలుకున్నాడు."

ఈసారి టీచరమ్మ నిజంగానే నవ్వింది. చప్పుడు లేకుండా, నోట్సుల కట్ట మీదకి వంగి నవ్వింది. అక్క టీ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అదంతా ఒక ఎత్తు, ఆ వాక్యం ఒక ఎత్తు" అన్నారు మాస్టారు గొంతు తగ్గించి. ఈ వాక్యం కథ మేం ఏడాదికి నాలుగుసార్లు వింటాం. విన్న ప్రతిసారీ అది ఇంకొంచెం దూరం వెళుతుంది. "తొమ్మిదో తరగతి. ఒక పిల్ల ఫుల్‌స్టాపు పెట్టేది కాదు. అండ్, అండ్, అండ్ అనుకుంటూ పోయేదే. ఒకనాడు పేజీ అయిపోయింది, వాక్యం ఆగలేదు. బెంచీ మీదకి పాకింది, బెంచీ దిగింది, కిటికీలోంచి దూకి ఆటల గ్రౌండు దాటి వీధిలో పడింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? బస్టాండు దగ్గర రోడ్డుకి అడ్డంగా పోతోంది. రైలు గేటు వేసినప్పుడు గూడ్సు బండి చూడు, ఒక పెట్టె, ఒక కొక్కెం, ఒక పెట్టె, ఒక కొక్కెం, అలాగన్నమాట. అటు పది బస్సులు, ఇటు పది బస్సులు నిలిచిపోయాయి. పెళ్ళివారు ఒకవైపు, పెళ్ళికొడుకు ఒకవైపు."

"నా బస్సు కూడా ఆగిందా మాస్టారూ?"

"నువ్వప్పటికి పుట్టలేదు, అడ్డు రాకు. అందరూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు, మాస్టారూ, మీ పిల్లే కదా, మీరే ఆపాలని. నేను సైకిలెక్కాను. ఎర్ర పెన్ను పళ్ళ మధ్య పట్టుకున్నాను. తొక్కాను చూడు, చక్రాల నుంచి పొగ! వాక్యం ముందు, నేను వెనక. వంతెన దాటింది, దాటాను. కొండెక్కింది, ఎక్కాను. మూడు ఊళ్ళు పోయాక సముద్రం వచ్చింది. అది నీళ్ళలోకి దిగబోతుండగా సైకిలు మీంచి అలాగే ఎగిరి, దాని ముందు ఇంత, ఈ మూకుడంత ఫుల్‌స్టాపు పెట్టాను. టక్కున ఆగింది! రేవులో ఓడలన్నీ ఒక్కసారి కూత వేశాయి. అదమ్మా ఎర్ర పెన్ను అంటే. భయముండాలి. భయం లేనిదే భాష రాదు."

ఆ చివరి మాటకి టీచరమ్మ మొహంలో నవ్వు పోయింది. చెయ్యి బ్యాగు మీదకి వెళ్ళింది.

"మాస్టారూ" అంది అక్క. పదకొండేళ్ళలో ఆయన కథకి ఆమె అడ్డు రావడం అదే మొదలు. "మీకు సైకిలు రాదు కదండీ."

బల్ల మీద అందరి తలలూ అక్క వైపు తిరిగాయి.

"రోజూ నడిచే వచ్చేవారు. ఒక్కసారి అటెండరు సైకిలెక్కి మా క్లాసు గుమ్మంలోకే వచ్చి పడ్డారు. మిమ్మల్ని లేపింది నేనే."

టైలరు ముందు నవ్వాడు, ఆ తర్వాత డ్రైవరు. మాస్టారు గొడుగు పిడి చూసుకుంటూ, "అది వేరే సైకిలు" అన్నారు.

"ఆ వాక్యం నాదే కదా మాస్టారూ" అంది అక్క. నవ్వులు ఆగిపోయాయి. "సముద్రం దాకా ఏం పోలేదు. ఒక పేజీన్నర, అంతే. మా అమ్మ గురించి రాయమన్నారు. లేస్తుంది, స్టవ్వు వెలిగిస్తుంది, నీళ్ళు పడుతుంది, నాలుగిళ్ళల్లో గిన్నెలు తోముతుంది, వచ్చి మళ్ళీ వండుతుంది, నాన్నకి మందులిస్తుంది. ఎక్కడ పెట్టను ఫుల్‌స్టాపు? ఆవిడ ఆగే చోటు నాకెక్కడా కనపళ్ళేదు. అందరి నోట్సులూ ఇచ్చేసి నాది చివర ఇచ్చారు. ఇంకేముంది, పేజీ అంతా నెత్తురోడుతూ ఉంటుందనుకున్నాను. తెరిస్తే ఒక్క ఎర్ర గీత లేదు. కింద పెన్సిలుతో చిన్నగా 'ఆ తర్వాత?' అని ఉంది. అది కూడా తెలుగులో."

టీచరమ్మ మాస్టారి వంక చూసింది. ఆయన గ్లాసెత్తి టీ తాగుతున్నారు. గ్లాసులో టీ ఎప్పుడో అయిపోయింది.

"ఆ వారం నేను బడి మానేద్దామనుకున్నాను. ఇంట్లో కూడా చాల్లే అన్నారు. కానీ మాస్టారు అడిగారు కదా, ఆ తర్వాత ఏమైందో చెప్పకుండా ఎలా మానేస్తాం? రాసి పట్టుకెళ్ళాను. మళ్ళీ 'ఆ తర్వాత?' అని రాశారు. ఆరో పేజీకొచ్చేసరికి చదివేటప్పుడు ఊపిరి తిరక్క నేనే ఫుల్‌స్టాపులు వెతుక్కున్నాను. అలా పదో తరగతి గట్టెక్కింది." అక్క గరిటె కింద పెట్టింది. "ఎర్రసిరా మాస్టారని ఈయన్ని ఎవరూ అనలేదమ్మా. మేం 'ఆ తర్వాత మాస్టారు' అనేవాళ్ళం. ఎర్ర పెన్ను జేబులో ఉన్న మాట నిజమే. ఒకసారి అడిగి తీసుకున్నాను, దాన్లో రీఫిల్లే లేదు."

ఎన్ని కోతలు కోసినా చెక్కుచెదరని మనిషి, ఒక్క నిజానికి చెవుల దాకా ఎర్రబడిపోయారు. "ఇది మరీ అన్యాయం" అన్నారు. "ఇన్నాళ్ళ నా పరువు తీసేశావు కదే పిల్లా." తిట్టినట్టు అన్నారు గాని, ఊరికే గొడుగు విప్పి మళ్ళీ ముడిచారు. నాకు కూడా ఏదోలా అయి, వాన వంక చూశాను.

టీచరమ్మ కట్ట విప్పి పై నోట్సు తీసింది. ఖాళీ పేజీ తెరిచి మాస్టారి ముందు పెట్టింది. "దీని కింద ఏం రాయాలండీ? ఆ తర్వాత అని రాయడానికి ఇక్కడ ముందేమీ లేదు."

మాస్టారు ఆ తెల్ల పేజీని దగ్గరికి లాక్కుని చూశారు. తూచలేదు, చెయ్యి విసరలేదు.

"'అంతకు ముందు ఏమైంది?' అని రాయమ్మా" అన్నారు మెల్లిగా. "ఇంగ్లీషులో వద్దు. పెన్సిలుతో రాయి."

నా చెవి మీదున్న పెన్సిలు తీసిచ్చాను. ఆమె రాసి, నోట్సు మూసి, కట్టలో పెట్టి, బ్యాగు తెరిచింది. నా షాపు కాగితం నేను గుర్తుపట్టనా? దాన్ని నాలుగు మడతలు పెట్టి, వంగి, బల్ల పొట్టి కాలి కిందకి తోసింది. సరిగ్గా సరిపోయింది. అక్క నా వంక చూసి, మళ్ళీ స్టవ్వు మంట పెంచింది. అదేం కాగితమని మాస్టారు అడగలేదు.

డ్రైవరు టైమైందంటూనే లేవకుండా కూర్చున్నాడు. అక్క అందరికీ ఇంకోసారి టీ పోసింది. మాస్టారు ఒక గుక్క తాగి, గొంతు సవరించుకుని, పోయిన ఊపంతా కూడగట్టుకుని చెయ్యి బారుగా విసిరారు. బల్ల కదల్లేదు, ఎవరి టీ ఒలకలేదు.

"సైకిలు సంగతి ఈ పిల్లకేం తెలుసు! నేను సముద్రం దాకా వెళ్ళినవాణ్ణి, అక్కడితో ఆగిపోయాననుకున్నారా?"

"చెప్పండి మాస్టారూ" అంది టీచరమ్మ. "ఆ తర్వాత?"